సిమ్యులేషన్‌లో 230 రెట్లు, బ్రెడ్‌బోర్డు మీద 5.4: నా గెయిన్ ఎక్కడ పోయింది?

కృష్ణలంక_ఈసీఈ
రెండు రోజుల నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. మామూలు కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్. బీసీ547బీ ట్రాన్సిస్టర్, సప్లై 12 వోల్టులు. బేస్ దగ్గర పైన 47కె (కిలో ఓముల) రెసిస్టర్, కింద 10కె. కలెక్టర్‌కి 4.7కె, ఎమిటర్‌కి 1కె, దాని పక్కన, సిగ్నల్‌ని దాటించడానికి, బైపాస్ కెపాసిటర్. ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో గీసి ఏసీ అనాలిసిస్ నడిపితే 1 కిలోహెర్ట్జ్ దగ్గర 47.3 డీబీ వచ్చింది. అంటే గెయిన్ (ఇన్‌పుట్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 230 రెట్ల పైమాటే. అదే సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద కట్టి జనరేటర్ నుంచి పీక్ టు పీక్ 20 మిల్లీవోల్టులు ఇస్తే అవుట్‌పుట్‌లో 108 మిల్లీవోల్టులే కనపడుతున్నాయి. అంటే 5.4 రెట్లు. ట్రాన్సిస్టర్ మూడు మార్చాను, బోర్డు మార్చాను, వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. మళ్ళీ అదే 5.4.

సోమవారం రికార్డు పెట్టాలి. మా బ్యాచ్‌లో ముగ్గురు సిమ్యులేషన్ గ్రాఫు ప్రింటు తీసి అంటించేశారు, బోర్డు సంగతి ఎవరూ అడగరులే అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. సాఫ్ట్‌వేర్‌ది తప్పా, నాదా?

నోడ్_సున్నా
ఆసిలోస్కోపు ప్రోబు మీద 1ఎక్స్, 10ఎక్స్ అని చిన్న స్విచ్చు ఉంటుంది, చూశావా? ప్రోబు 10ఎక్స్‌లో ఉండి స్కోపులో 1ఎక్స్ అని ఉంటే పది రెట్లు తక్కువ చూపిస్తుంది.

గుంటూరు_మిర్చి_555
పిన్నులు తిరగబడ్డాయేమో. బీసీ547 చదునుగా ఉన్న వైపు మనకి కనపడేట్టు పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 దానికి సరిగ్గా ఉల్టా. నేను ఒకసారి దీనికి బదులు అది గుచ్చి ఒక సాయంత్రం పోగొట్టుకున్నా.

కృష్ణలంక_ఈసీఈ
@నోడ్_సున్నా చూశానన్నా, రెండు చోట్లా 10ఎక్స్ ఉంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఒకే ప్రోబుతో కొలిచాను. అయినా పది రెట్ల తేడా అయితే 23 రావాలి కదా, 5.4 ఎట్టా వస్తుంది?
@గుంటూరు_మిర్చి_555 పిన్నులు సరిగ్గానే ఉన్నాయి.

మైక్‌సెట్_మావయ్య
ముందు మీటరు తీసుకుని సిగ్నల్ లేకుండా మూడు కాళ్ళ దగ్గర వోల్టులు రాయి అబ్బాయ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కృష్ణలంక_ఈసీఈ
బేస్ 2.06, ఎమిటర్ 1.42, కలెక్టర్ 5.4 వోల్టులు. సిమ్యులేషన్‌లో కూడా ఇంచుమించు ఇవే.

మైక్‌సెట్_మావయ్య
అయితే నీ ట్రాన్సిస్టర్ శుభ్రంగా ఉంది. రెసిస్టర్లు నాలుగూ సరైనవే, సరైన చోటే ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఈ మూడు అంకెలు ఇట్టా రావు. ఇక మిగిలింది డీసీ పోని దారి, సిగ్నల్ మాత్రమే పోయే దారి. అంటే కెపాసిటర్లు. నేను నీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ముట్టుకోలేదు, వన్‌టౌన్‌లో 26 ఏళ్ళుగా యాంప్లిఫయర్లు బాగుచేస్తున్నా. డీసీ బాగుండి సౌండు తగ్గిందంటే నా చెయ్యి ముందు కెపాసిటర్ మీదకే పోతుంది.

రేడియో_తాతయ్య
మావయ్య సగం దారి చూపించాడు. మిగతా సగం నీ అంకెలోనే ఉంది బాబూ. 5.4ని తప్పుడు సమాధానం అనుకుని కోప్పడకు, అది ఏం చెబుతోందో విను.

బైపాస్ కెపాసిటర్ పూర్తిగా ఊడిపోయిందనుకో. అప్పుడు గెయిన్ అంటే కలెక్టర్ రెసిస్టర్‌ని ఎమిటర్ రెసిస్టర్‌తో భాగించడమే: 4.7కె బై 1కె, 4.7 రెట్లు. ఎమిటర్ లోపలి చిన్న నిరోధం కూడా కలిపితే 4.6. కెపాసిటర్ సరిగ్గా పనిచేస్తే ఆ 1కె సిగ్నల్‌కి కనపడదు, లోపలి నిరోధం ఒక్కటే మిగులుతుంది. 26 మిల్లీవోల్టులని 1.4 మిల్లీయాంపులతో భాగిస్తే సుమారు 18.5 ఓములు. 4700ని 18.5తో భాగిస్తే 254.

నీకు వచ్చింది 254 కాదు, 4.6 కూడా కాదు. 4.6 కంటే కొంచెం ఎక్కువ. అంటే కెపాసిటర్ అక్కడ ఉంది, కాకపోతే ఆ బరువు మోయడానికి చాలడం లేదు. నువ్వు అక్కడ ఏం పెట్టావు? బోర్డు ఫొటో పెట్టు.

కృష్ణలంక_ఈసీఈ
100 మైక్రోఫారడ్ పెట్టాను తాతయ్యా, సిమ్యులేషన్‌లో కూడా 100యూ. ఫొటో పెడుతున్నా.

పటమట_అక్క
ఫొటో పెద్దది చేసి చూశాను. ఎమిటర్ వరుసలో పసుపుపచ్చ బిళ్ళ ఒకటి ఉంది, శనగ బద్దంత. దాని మీద 104 అని ఉంది. 100 మైక్రో ఎలక్ట్రోలిటిక్ అయితే చిన్న డబ్బాలా నిలబడి, పక్కన మైనస్ గీత ఉండాలి కదా? అది నీ ఫొటోలో ఎక్కడా లేదు తమ్ముడూ.

గుంటూరు_మిర్చి_555
దొరికాడు దొంగ 😄

రేడియో_తాతయ్య
పటమట అమ్మాయి కళ్ళు చల్లగుండ. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్లలో. 1,00,000 పికోఫారడ్లు, అంటే 0.1 మైక్రోఫారడ్. నువ్వు అనుకున్నదాంట్లో వెయ్యో వంతు.

1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.1 మైక్రో ఇచ్చే అడ్డు 1592 ఓములు. అది 1కె పక్కన సమాంతరంగా కూర్చుంటే రెండూ కలిసి 850 ఓముల దాపు అవుతాయి. మామూలు రెసిస్టర్లలా కలపకు, ఫేజు తేడా ఉంది కాబట్టి వర్గాలు కట్టి కలపాలి. లోపలి 18.5 కూడా చేరిస్తే 863. 4700 బై 863, 5.45.

ఇప్పుడు ఒక పని చెయ్యి. బోర్డు ముట్టుకోకు. ఎల్‌టీస్పైస్ తెరిచి ఆ 100యూ తీసి 0.1యూ అని కొట్టి నడుపు.

కృష్ణలంక_ఈసీఈ
తాతయ్యా! 14.7 డీబీ వచ్చింది. లెక్కేస్తే 5.4!! ఒళ్ళు జలదరించింది నిజంగా. గవర్నర్‌పేటలో కొట్టుకెళ్ళి "హండ్రెడ్ కెపాసిటర్ పది ఇవ్వండి" అని అడిగాను. వాళ్ళు 100 నానో అనుకుని ఇచ్చారు. 100 నానో, 104, 0.1 మైక్రో మూడూ ఒకటేనని ఇప్పుడు వెలిగింది. మూడు ట్రాన్సిస్టర్లు అనవసరంగా మార్చాను.

నోడ్_సున్నా
అంటే సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ నిజమే చెప్పింది, నువ్వు గీసిన సర్క్యూట్ గురించి. నువ్వు కట్టిన సర్క్యూట్ గురించి దాన్ని ఇప్పుడే అడిగావు.

బ్రాడీపేట_బుల్లోడు
నాకు ఒక డౌటు, మొదటి నుంచీ ఉంది, ఎవరినీ అడగలేదు. ఏసీ అనాలిసిస్‌లో ఇన్‌పుట్‌కి 1 వోల్టు పెట్టమంటారు. పెడితే అవుట్‌పుట్‌లో 230 వోల్టులు చూపిస్తుంది. సప్లై 12 వోల్టులే కదా, 230 ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లో కరెంటు అంత వోల్టేజీ!

పటమట_అక్క
మంచి డౌటు, అందరికీ వస్తుంది. ఏసీ అనాలిసిస్ ముందు డీసీ వోల్టులు లెక్క కడుతుంది. తర్వాత ఆ బిందువు దగ్గర ట్రాన్సిస్టర్ వంపు గీతకి ఒక సరళరేఖ ఆనించి, ట్రాన్సిస్టర్ స్థానంలో ఆ రేఖనే పెట్టేసుకుంటుంది. ఇక సప్లై ఎంతో, సిగ్నల్ ఎక్కడ తెగుతుందో దానికి పట్టదు. 1 వోల్టు అన్నది గెయిన్ నేరుగా చదువుకోవడానికి పెట్టుకున్న కొలబద్ద. కోటి వోల్టులు ఇచ్చినా అదే నిష్పత్తిలో చూపిస్తుంది. నిజంగా తరంగం ఎట్టా ఉంటుందో చూడాలంటే ట్రాన్సియెంట్ నడపాలి. అక్కడ ట్రాన్సిస్టర్ అసలు వంపుతోనే ఉంటుంది, 12 దాటబోతే తల తెగుతుంది.

బ్రాడీపేట_బుల్లోడు
ఇంత సులువుగా క్లాసులో ఎవరూ చెప్పలేదక్కా. థాంక్యూ.

ల్యాబ్_మేడమ్
ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను, పేరు వద్దు. కొన్నేళ్ళుగా ల్యాబ్ అంటే కంప్యూటర్ గదే అయిపోయింది. సర్క్యూట్ ఫైలు ముందే గీసి పెట్టి ఉంటుంది. పిల్లలు వచ్చి రన్ నొక్కుతారు, గ్రాఫు ప్రింటు తీసుకుని వెళ్ళిపోతారు. మూడో ఏడు పిల్లని ఎలక్ట్రోలిటిక్‌కి మైనస్ ఎటో చూపించమంటే తడబడింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, మేం చేతికి ఇవ్వలేదు. అందుకే కృష్ణలంక బాబు పోస్టు చూసి సంతోషమేసింది. 5.4 వచ్చినందుకే ఇతను బైపాస్ కెపాసిటర్ ఎందుకు పెడతారో జీవితంలో మర్చిపోడు. మొదటిసారే 230 వచ్చుంటే ఏం నేర్చుకునేవాడు?

మైక్‌సెట్_మావయ్య
నేనదే అంటాను మేడమ్. ముందు చేత్తో కట్టాలి. కంప్యూటరు తర్వాత.

పటమట_అక్క
మావయ్యా, మీతో ఇక్కడ ఒప్పుకోను. నేను ఇంటర్ నుంచి డిప్లొమా దాకా ఒక్క స్కోపు కూడా సొంతంగా ముట్టుకోలేదు. బ్యాచ్‌కి ఒకటి ఉండేది, చుట్టూ ఎనిమిది మంది అబ్బాయిలు నిలబడేవాళ్ళు. నాకు ట్రాన్సిస్టర్ అర్థమైంది ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద ఎల్‌టీస్పైస్‌లోనే. రాత్రి పది తర్వాత, ఎవరూ అడ్డం లేకుండా. ఎమిటర్ రెసిస్టర్‌ని 100 ఓముల నుంచి 2కె దాకా డాట్ స్టెప్ (.step) అనే ఆదేశం పెట్టి మారుస్తూ గెయిన్ గీతలు ఒకదాని కింద ఒకటి జారడం చూశాను. ఆ బొమ్మ చూశాకే ఫార్ములా తలకెక్కింది. చేత్తో కట్టేవాళ్ళకి అంత వెసులుబాటు ఉండాలి కదా. డబ్బులుండాలి, బల్ల ఉండాలి, పాడుచేస్తే తిట్టని ఇల్లుండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఏది కాలినా పొగ రాదు.

మైక్‌సెట్_మావయ్య
నిజమే తల్లీ. అది నాకు తట్టలేదు. మా కొట్లో నాకు చిన్నప్పుడే సోల్డరింగ్ ఐరన్ ఇచ్చారు, అందరికీ అట్టా దొరకదు.

ల్యాబ్_మేడమ్
పటమట అమ్మాయి చెప్పిన వాడకానికి నేనూ వ్యతిరేకం కాదు. తను ప్రశ్న వేసి నడిపింది. నేను బాధపడేది ప్రశ్న లేకుండా రన్ నొక్కడం గురించి.

రేడియో_తాతయ్య
నాది మధ్యస్థం. కాగితం మీద మూడు లెక్కలు వెయ్యి: బేస్ వోల్టేజీ, కలెక్టర్ కరెంటు, గెయిన్. తర్వాత సిమ్యులేషన్, ఆ తర్వాత బోర్డు. ఏ రెండు కలవకపోయినా అక్కడ ఆగి కారణం వెతుకు. ఈ అబ్బాయి కాగితం లెక్క ముందే వేసుంటే 5.4 చూడగానే 4.7 గుర్తొచ్చేది.

నోడ్_సున్నా
కాగితం అంటే అడుగుతున్నా తాతయ్యా. మీ కాగితంలో 254, ఎల్‌టీస్పైస్‌లో 231. ఈ 23 ఎక్కడ పోయాయి?

రేడియో_తాతయ్య
భలే పట్టుకున్నావు. కాగితం మీద నేను కలెక్టర్‌ని ఆదర్శ కరెంటు మూలం అనుకున్నాను. అసలు ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్ వోల్టేజీ పెరిగితే కరెంటు కూడా కొంచెం పెరుగుతుంది, దాన్ని ఎర్లీ ఎఫెక్ట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌కి ట్రాన్సిస్టర్ గుణాలు చెప్పే మోడల్ ఫైలులో వీఏఎఫ్ అన్న అంకె దానిదే. నా దగ్గరున్న బీసీ547బీ మోడల్‌లో 63 చిల్లర ఉంది. ఆ లెక్కన ట్రాన్సిస్టర్ తనే 47కె రెసిస్టర్‌లా 4.7కె పక్కన చేరుతుంది. రెండూ కలిస్తే 4.27కె. 18.5తో భాగిస్తే 231.

నోడ్_సున్నా
తేడా కూడా అణా పైసలతో లెక్క తేలింది 👏

గుంటూరు_మిర్చి_555
ఇంతకీ ఆ మోడల్ ఫైలుని "కార్డు" అంటారెందుకు? పాత వీడియోల్లో అందరూ మోడల్ కార్డు, మోడల్ కార్డు అంటుంటారు.

రేడియో_తాతయ్య
నిజంగా కార్డులే కాబట్టి. స్పైస్ పుట్టింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో. లారెన్స్ నేగెల్ రాశాడు, ఆయన గురువు డొనాల్డ్ పెడర్సన్. 1973లో బయటికొచ్చింది, 1975లో రెండో స్పైస్. అప్పట్లో కంప్యూటరుకి చిల్లులు పొడిచిన అట్టముక్కలతోనే చెప్పాలి. ఒక రెసిస్టర్‌కి ఒక కార్డు, ఒక మోడల్‌కి ఒక కార్డు. మొత్తం కట్టని డెక్ అనేవాళ్ళు. అట్టలు పోయాయి, మాట మిగిలింది. వాళ్ళు ఆ ప్రోగ్రాముని దాచుకోకుండా అడిగినవాళ్ళకల్లా పంచారు. పీస్పైస్, ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ అన్నీ ఆ చెట్టు కొమ్మలే. ఈ రాత్రి కృష్ణలంకలో ఒక కుర్రాడు రూపాయి ఖర్చు లేకుండా తన యాంప్లిఫయర్‌ని పరీక్షించుకుంటున్నాడంటే ఆ పంచిన చేతుల చలవే.

ఇక మా రోజుల్లో ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లు. బెజవాడ ఎండలకి వాటి లీకేజీ పెరిగి, మే నెల మధ్యాహ్నం రేడియో గొంతు బొంగురుపోయేది. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వార్తలు మొదలయ్యేసరికి మా నాన్న తడిగుడ్డ తెచ్చి రేడియో వెనక్కి చుట్టేవాడు. గొంతు మళ్ళీ తేటపడేది. ఏ సిమ్యులేషన్ చూసినా నాకు ఆ తడిగుడ్డే గుర్తొస్తుంది.

మైక్‌సెట్_మావయ్య
వేడి మాట వచ్చింది కాబట్టి నాదొకటి. గుంటూరు నుంచి ఒక కుర్రాడు తను తయారుచేసిన యాంప్లిఫయర్ పట్టుకొచ్చాడు. అవుట్‌పుట్‌లో 2ఎన్3055 జత. పెళ్ళి పందిట్లో గంటన్నర బాగా వాయించి తర్వాత భగ్గుమంది. "కంప్యూటర్లో 60 డిగ్రీల దాకా చూశాను, ఏమీ కాలేదు" అని వాపోయాడు. తెరిచి చూస్తే ట్రాన్సిస్టర్ల కరెంటుని అదుపులో పెట్టే బయాస్ డయోడ్లు బోర్డు మీద చల్లగా కూర్చుని ఉన్నాయి. ట్రాన్సిస్టర్లేమో అల్యూమినియం రెక్కల మీద సలసలా కాగుతున్నాయి. డయోడుకి ఆ వేడి తెలియాలంటే రెక్కకి ఆనుకుని ఉండాలి. కంప్యూటరు ఎందుకు పట్టుకోలేదో నాకు తెలియదు, మీరే చెప్పాలి.

నోడ్_సున్నా
నేను చెబుతా మావయ్యా. స్పైస్‌లో మామూలుగా సర్క్యూట్ అంతా 27 డిగ్రీలు. టెంప్ 60 అని పెడితే అన్నీ ఒకేసారి 60కి పోతాయి, డయోడ్లతో సహా. డయోడు వేడెక్కితే బయాస్ తనంతట తనే తగ్గుతుంది కాబట్టి తెర మీద అంతా బాగున్నట్టే కనపడుతుంది. మీరు తెరిచిన పెట్టెలో రెక్క 80, బోర్డు 40 ఉందనుకోండి. డిగ్రీకి 2 మిల్లీవోల్టుల లెక్కన 40 డిగ్రీల తేడాకి 80 మిల్లీవోల్టులు. ఎమిటర్ దగ్గర చిన్న రెసిస్టర్లు అడ్డుకోకపోతే ఆ 80కే కరెంటు పది రెట్లు దాటుతుంది. కరెంటు పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్ళీ కరెంటు. ఎల్‌టీస్పైస్‌లో ఒక్కో ట్రాన్సిస్టర్‌కి విడిగా టెంప్ ఇవ్వొచ్చు. అట్టా ఇచ్చి చూస్తే ముందే తెలిసేది.

మైక్‌సెట్_మావయ్య
ఇప్పుడు అర్థమైంది. ఆ కుర్రాడికి ఫోను చేసి చెబుతా. పాపం ఆ రోజు పెళ్ళివాళ్ళు బాగా తిట్టారంట.

గుంటూరు_మిర్చి_555
27 డిగ్రీలు అంటే మా గుంటూరులో డిసెంబరు మధ్యాహ్నం. మే నెలకి సాఫ్ట్‌వేర్‌లో మిర్చి యార్డు అని వేరే ఆప్షన్ కావాలి 🌶️

కృష్ణలంక_ఈసీఈ
అందరికీ అప్‌డేట్. పొద్దున్నే కొట్టుకెళ్ళి ఈసారి "100 మైక్రో, 25 వోల్టులు, ఎలక్ట్రోలిటిక్" అని పూర్తిగా చెప్పి తెచ్చా. మైనస్ గీత గ్రౌండ్ వైపు పెట్టా. 20 మిల్లీవోల్టులకి 4.4 వోల్టులు! 220 రెట్లు!

కానీ తరంగం చూస్తే ఏదో తేడాగా ఉంది. పైన గుండ్రంగా మొద్దుబారింది, కింద కోసుగా దిగింది. మధ్య గీత నుంచి పైకి 1.8 వోల్టులు, కిందికి 2.6. క్లిప్పింగ్ కూడా కాదు, ఎక్కడా తెగలేదు. మళ్ళీ ఏం తప్పు చేశాను?

రేడియో_తాతయ్య
ఏ తప్పూ చెయ్యలేదు. ట్రాన్సిస్టర్ అసలు స్వభావం మొదటిసారి నీ కంటపడింది, చూసి ఆనందించు.

బేస్ వోల్టేజీకీ కలెక్టర్ కరెంటుకీ మధ్య ఘాతాంక సంబంధం. బేస్ 10 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు 47 శాతం పెరుగుతుంది. అదే 10 తగ్గితే 32 శాతమే తగ్గుతుంది. కరెంటు పెరగడమంటే కలెక్టర్ కిందికి దిగడం, అందుకే కింద లోతు ఎక్కువ, పైన మొద్దు. చిన్న సూత్రం గుర్తుపెట్టుకో: ఇన్‌పుట్ పీక్‌ని 26కి నాలుగు రెట్లతో, అంటే 104తో భాగిస్తే రెండో హార్మోనిక్ (సిగ్నల్‌కి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో వచ్చి కలిసే వంకర) వంతు వస్తుంది. నీ పీక్ 10 మిల్లీవోల్టులు, కాబట్టి దాదాపు 9.6 శాతం.

గుంటూరు_మిర్చి_555
మళ్ళీ 104! ఆ అంకె నిన్ను వదిలేట్టు లేదు తమ్ముడూ 😂

కృష్ణలంక_ఈసీఈ
😂 ట్రాన్సియెంట్ నడిపితే ఎల్‌టీస్పైస్‌లో కూడా అదే ఆకారం వచ్చింది. ఇన్నాళ్ళూ ఏసీ అనాలిసిస్ ఒక్కటే చూసి వదిలేశా.

పటమట_అక్క
డాట్ ఫోర్ (.four) 1కె అని రాసి అవుట్‌పుట్ నోడు పేరు పెట్టు. ఎర్రర్ లాగ్‌లో హార్మోనిక్స్ శాతాలతో సహా ఇస్తుంది. మ్యాక్సిమమ్ టైమ్‌స్టెప్ 1 మైక్రోసెకను ఇవ్వు, వేవ్‌ఫామ్ కంప్రెషన్ ఆపెయ్యి. లేకపోతే ఆ అంకెల్లో చెత్త కలుస్తుంది.

కృష్ణలంక_ఈసీఈ
రెండో హార్మోనిక్ 9 శాతం పైన చూపించింది. తాతయ్య చెప్పినట్టే ఉంది.

బ్రాడీపేట_బుల్లోడు
నాకు సింగ్యులర్ మ్యాట్రిక్స్ అని వచ్చి ఆగిపోతోంది. ఒక్కోసారి టైమ్‌స్టెప్ టూ స్మాల్ అంటుంది. ఏం చెయ్యాలి?

నోడ్_సున్నా
గ్రౌండ్ పెట్టావా? త్రికోణం గుర్తు ఎక్కడో ఒకచోట ఉండాలి, వోల్టేజీలన్నీ దాన్ని బట్టే కొలుస్తుంది. నా పేరు అదే 🙂 అది ఉన్నా వస్తే, రెండు పక్కలా కెపాసిటర్లే ఉండి డీసీకి దారి లేని నోడు ఏదైనా ఉందేమో చూడు. ఒక పెద్ద రెసిస్టర్ గ్రౌండ్‌కి కట్టు.

ల్యాబ్_మేడమ్
పెద్ద రెసిస్టర్ అంటే 1ఎమ్ అని కొట్టకు బాబూ! స్పైస్‌లో ఎమ్ అంటే చిన్నదైనా పెద్దదైనా మిల్లీయే. 1 మెగా ఓము కావాలంటే 1మెగ్ అని రాయాలి. మా ల్యాబ్‌లో ఏటా ఒక బ్యాచ్ అయినా ఈ గోతిలో పడుతుంది. అవుట్‌పుట్ లోడు 1ఎమ్ పెట్టి, గెయిన్ సున్నా వచ్చిందని ట్రాన్సిస్టర్ మోడల్స్ మారుస్తూ కూర్చుంటారు. అక్కడున్నది ఓములో వెయ్యో వంతు, షార్ట్ సర్క్యూటే. కెపాసిటర్‌కి 1ఎఫ్ అని కొడితే ఫారడ్ కాదు, ఫెమ్టోఫారడ్.

బ్రాడీపేట_బుల్లోడు
గ్రౌండే లేదు మేడమ్. పెట్టాక నడిచింది. నాకు విండోస్ లేదు, లైనక్స్. పర్లేదా?

పటమట_అక్క
ఎన్‌జీస్పైస్ వాడుకో, సర్క్యూట్లు గీసే కైక్యాడ్‌లో గీసి అక్కడే నడపొచ్చు. ఐఐటీ బాంబే ఫోసీ వాళ్ళ ఈసిమ్ కూడా ఈ రెండిటినీ కలిపి చేసిందే, ఉచితం.

మైక్‌సెట్_మావయ్య
కృష్ణలంక అబ్బాయ్, ఆ వంకర తగ్గించాలంటే మేము చేసేదొకటి ఉంది. ఎమిటర్ 1కెని రెండు ముక్కలు చెయ్యి. పైన 100 ఓములు, కింద 910. కెపాసిటర్ కింద ముక్కకే కట్టు. గెయిన్ తగ్గుద్ది కానీ గొంతు తేటగా ఉంటుంది, ట్రాన్సిస్టర్ మారినా పెద్దగా తేడా రాదు.

రేడియో_తాతయ్య
మావయ్యకి స్పైస్ ఎందుకు, ఆయన చేతిలోనే ఉంది. అబ్బాయ్, కట్టే ముందు కాగితం మీద లెక్క వేసి ఇక్కడ రాయి. తర్వాత సిమ్యులేషన్, తర్వాత బోర్డు.

కృష్ణలంక_ఈసీఈ
కాగితం: 4700ని 118.5తో భాగిస్తే 39.7.
ఎల్‌టీస్పైస్: 38.6.
బోర్డు... గంటలో చెబుతా, అమ్మ అన్నానికి పిలుస్తోంది.

కృష్ణలంక_ఈసీఈ
బోర్డు: 37.5!! తరంగం పైనా కిందా సమానంగా ఉంది. రెసిస్టర్లు 5 శాతంవి కాబట్టి ఈ మాత్రం తేడా ఉంటుందనుకుంటున్నా.

నోడ్_సున్నా
ఉంటుంది. జనరేటర్ లోపలి 50 ఓములు సిమ్యులేషన్‌లో పెట్టావా? పెడితే ఇంకొంచెం దగ్గరకొస్తుంది.

కృష్ణలంక_ఈసీఈ
పెట్టలేదన్నా, ఇప్పుడు పెడతా. మేడమ్, ఒక్క మాట అడగాలి. రికార్డులో ఏ అంకె రాయాలి? 5.4 కూడా రాయొచ్చా, మార్కులు పోతాయా?

ల్యాబ్_మేడమ్
రాయి. మూడు వరుసల పట్టిక గీసి 104తో, 100 మైక్రోతో, ఎమిటర్ రెండు ముక్కలతో వచ్చిన కాగితం, సిమ్యులేషన్, బోర్డు అంకెలు పక్కపక్కన పెట్టు. ఆ పసుపు బిళ్ళని పేజీ మీద టేపుతో అంటించి, కింద "దీన్ని 100 మైక్రో అనుకున్నాను" అని తేదీ వెయ్యి. నేను దిద్దే రికార్డు అయితే ముందు ఆ పేజీయే తెరుస్తాను.

కృష్ణలంక_ఈసీఈ
అంటించేశాను మేడమ్. మిగిలిన తొమ్మిది బిళ్ళలు ఎవరికైనా కావాలంటే చెప్పండి, సప్లైలో గోల తగ్గించే డీకప్లింగ్‌కి పనికొస్తాయి.

బ్రాడీపేట_బుల్లోడు
నాకు నాలుగు కావాలన్నా. ఆదివారం గుంటూరు నుంచి వస్తున్నా.